చుక్కావు పాల గుర్తులు

చిక్కహళ్ళి ఆంబోతుల కేంద్రం,
జూన్ 14

ఇంద్రాణికి,

మొన్న ఫోన్‌లో సగం మాట్లాడగానే లైను తెగింది. తెగడమే మంచిదయిందిలే. మన నల్లగుట్టపల్లెలో పాలకేంద్రం అరుగు మీద తప్ప సిగ్నల్ దొరకదు. అక్కడ నిలబడి నువ్వు ‘తిన్నావా బావా’ అంటే, క్యాన్లు పట్టుకుని వరసలో ఉన్నవాళ్ళందరూ నేనేం తిన్నానో విని పోతారు. ఇక్కడేమో పొద్దున గేటు దగ్గర ఫోను ఇచ్చేస్తే సాయంత్రానికి గానీ చేతికి రాదు. అందుకే ఉత్తరం. పెళ్ళికి ముందు నువ్వు కదిరిలో చదివేటప్పుడు రాసుకున్నాం కదా, అలాగే అనుకో.

బుడ్డోడు బాగున్నాడు. లారీ దిగిన రోజు మేత ముట్టలేదు, నీళ్ళు తాగలేదు. ఎవరు దగ్గరికి పోయినా తల వంచి బెదిరించాడు. చివరికి నేను లోపలికి పోయి చేత్తో పెడితే తిన్నాడు. అది చూసి పెద్దసారు ‘ఈయన కూడా ఇక్కడే ఉండాల’ అన్నాడు. దూడను దింపి మర్నాడే వస్తానని నీతో చెప్పి బయలుదేరినవాణ్ణి, ఆ విధంగా ఉద్యోగంలో పడ్డాను. వరసగా శెనక్కాయ పంట పోతుంటే కాదనడానికి నోరు రాలేదు.

మన కొట్టంలో పుట్టినవాడి నెత్తురులో పాల గుర్తులు అంత బాగున్నాయని ఇక్కడ అందరూ వచ్చి చూసిపోతున్నారు. నాకు గర్వంగానే ఉంది. కానీ సాయంత్రం పూట నువ్వు గుర్తొస్తే ఆ గర్వం ఎందుకూ పనికి రావడం లేదు.

నీ ఓబులేసు

నల్లగుట్టపల్లె, తనకల్లు మండలం,
జూలై 3

బావకు,

పోస్టుమాన్ నీ ఉత్తరం తెచ్చి పాలకేంద్రంలోనే నా చేతికిచ్చాడు. కాబట్టి నువ్వు ఉత్తరం రాశావని ఊరంతటికీ తెలిసింది. లోపలేముందో తెలియదు గనక వాళ్ళకు తోచింది వాళ్ళు కల్పించుకుంటున్నారు. నువ్వు రాసినదానికంటే అదే బాగుంది.

పక్కింటి బయమ్మక్కకు ఒకటే అనుమానం. "మగదూడకి పాల గుర్తులేందమ్మే? వాడేమన్నా పితికిస్తాడా?" అని అడిగింది. వాడికి పుట్టే ఆడదూడలు ఇస్తాయంటక్కా అన్నాను. "అట్లనా. ఊరికే తిని కూర్చుండే మొగోళ్ళకి గూడా పరీక్ష పెట్టినారనమాట. మా ఇంటాయన్ను గూడా తోలకపోమను" అంది. నవ్వలేక చచ్చాను.

మన చుక్కావుకు చూలు నిలిచింది. బుడ్డోడు పుట్టడానికి దానికి వేయించిన ఆంబోతు సూదే మళ్ళీ వేయించాం కదా, వాడికి తోడబుట్టినది వస్తుంది. కార్తీకంలో ఈనుతుందేమో. వాన ఒక పదును పడి ఆగింది. విత్తనం వేసినవాళ్ళు మబ్బు చూస్తున్నారు, వేయనివాళ్ళు వేసినవాళ్ళను చూస్తున్నారు.

పొద్దున కొట్టంలోకి పోయి శెనక్కట్టె వేస్తే చుక్క నా వెనక్కి చూస్తుంది. నువ్వు దగ్గుతూ వచ్చేవాడివి కదా, ఆ దగ్గు కోసం. దాంతోపాటు నేనూ వెనక్కి చూస్తున్నాను. ఎప్పుడొస్తావు?

ఇంద్రాణి

చిక్కహళ్ళి,
ఆగస్టు 9

ఇంద్రాణికి,

ఎప్పుడొస్తావని అడిగావు. ఆ జవాబు రాయలేకే ఇంత ఆలస్యం. ముందు వేరే కబురు చెప్తాను.

మన ఊరికి వచ్చి బుడ్డోడి తోక వెంట్రుకలు పీక్కుపోయిన డాక్టర్ దివాకర్ ఉన్నాడు కదా, ఆయన ఆఫీసు ఇక్కడే, గేటు బయట. నిన్న నాకు ఓపిగ్గా చెప్పాడు. ఆ వెంట్రుకల కుదుళ్ళలో వేల చోట్ల చదువుతారట. బాగా పాలిచ్చిన ఆవుల్లో ఏ చోట ఏ గుర్తు ఉందో ముందే లెక్క కట్టి పెట్టుకున్నారు. ఏ ఒక్క గుర్తూ గొప్పది కాదు. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం, అన్నీ కూడితే ఈ దూడ బిడ్డలు ఎంత పాలిస్తాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఇదివరకు ఆ బిడ్డలు పుట్టి, ఈని, పాలిచ్చేదాకా ఏళ్ళ తరబడి కాచుకునేవారు. ఇప్పుడు దూడప్పుడే తేలిపోతుంది.

"ఎండకు తట్టుకునేది చెప్పే గుర్తు ఉండాదా సార్?" అని అడిగాను. "వెతుకుతున్నాం ఓబులేసూ, ఇంకా సరిగా దొరకలేదు. మా లెక్కలకు ఆధారమైన ఆవులు ఎక్కువగా నీళ్ళున్న ఊళ్ళవి" అన్నాడు. మనుషుల్లో ఎడబాటుకు తట్టుకునే గుర్తేమైనా ఉంటుందా అని కూడా అడగాలనిపించింది. సిగ్గేసింది.

ఇక అసలు సంగతి. చుట్టుపక్కల గాలికుంటు వచ్చింది. మనిషి బట్టలకంటుకుని కూడా వస్తుంది కాబట్టి, పశువులున్న ఇంటికి పోవడానికి మాకెవరికీ సెలవు ఇవ్వరు. రోగం తగ్గినా ఈ కట్టడి తీయరట. లోపల ఉన్న ఒక్కొక్క ఆంబోతు సూది ఎన్ని ఊళ్ళకు పోతుందో నీకు తెలుసు. తప్పని నేను అనలేను. అలాగని మింగుడు పడటమూ లేదు. ఇంటికి రావాలని చాలా ఉంది.

ఓబులేసు

నల్లగుట్టపల్లె,
సెప్టెంబర్ 20

బావకు,

క్షేమంగా చేరాను. కదిరిలో బస్సు దొరకడం కష్టమైంది, అంతే.

నిన్ను చూడాలని అంత దూరం వచ్చి నేనేం మాట్లాడానో తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకోవాలనిపిస్తోంది. వానల గురించి మాట్లాడాను. గేటుకు అవతల సున్నపు గీత వెనక నువ్వు, ఇవతల నేను, మధ్యలో మందునీళ్ళ తొట్టి. లాడ్జిలో తలంటుకుని కొత్త చీర కట్టుకుని వచ్చానని చెప్పినా ఆ వాచ్‌మన్ నారాయణప్ప, "ఏం చేసినా లాభం లేదమ్మా, నువ్వు నిన్న ఆవును పితికిన దానివి. ఆడనే నిలబడు" అన్నాడు. నీ చొక్కాకు పైగుండీ లేదు. చూడగానే చేయి ముందుకు పోయింది. ఆయన దగ్గాడు. చేయి వెనక్కి తీసుకున్నాను.

నువ్వు చిక్కిపోయావు. అక్కడ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. నువ్వు కనబడక ముందు ఊపిరి ఆడినట్టు లేదు, కనబడ్డాక అసలే ఆడలేదు.

ఒకటి అడుగుతాను. లోపల ఆ క్వార్టర్స్ దగ్గర ఆడవాళ్ళు బట్టలు ఆరేస్తూ కనబడ్డారు. వాళ్ళెవరు? వాళ్ళు మాత్రం మొగుళ్ళ దగ్గర ఎలా ఉండగలుగుతున్నారు?

ఇంద్రాణి

చిక్కహళ్ళి,
అక్టోబర్ 6

ఇంద్రాణికి,

నువ్వు గేటు దగ్గర నా పేరు పెట్టి పిలిచావు చూడు, ఆ గొంతు షెడ్డు దాకా వినబడింది. సాయంత్రం నేను పోయేసరికి బుడ్డోడు మేత ముట్టకుండా గేటువైపు తిరిగి నిలబడి ఉన్నాడు. వాణ్ణి కసరలేకపోయాను. వాడి పక్కనే నేనూ కాసేపు అటే చూస్తూ నిలబడ్డాను.

అడిగావు కాబట్టి చెప్తాను. వాళ్ళు ఇక్కడ పనిచేసేవాళ్ళ భార్యలు. ఇంట్లో పశువు లేనివాళ్ళకు క్వార్టర్స్ ఇస్తారు. నెల రోజులు పశువును ముట్టకుండా ఉండి వస్తే భార్యను లోపలికి రానిస్తారు. ఇంట్లో పశువును వదిలించుకుంటే నాకూ ఒకటి ఇస్తామని జూలైలోనే అన్నారు. నీకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో వినిపించుకో. చుక్క నీ అరణం. పెళ్ళయి నువ్వు మన గడప తొక్కినప్పుడు మీ నాయన ఆ పెయ్య పలుపుతాడు తెచ్చి నీ చేతిలో పెట్టాడు, నా చేతిలో కాదు. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ వెంట పంపిన పశువు గురించి మగడు నోరెత్తకూడదని మా నాయన నాకు పెళ్ళికి ముందే చెప్పాడు. మనింట్లో నాలుగు మెతుకులున్నాయంటే ఈ కరువేళ్ళలో అది ఇచ్చిన పాలే. దాన్ని వదిలి రా అని ఏ మొహంతో అడుగుతాను? అడగను. నువ్వు కూడా ఈ సంగతి మరిచిపో.

ఓబులేసు

నల్లగుట్టపల్లె,
నవంబర్ 18

ఓబులేసు గారికి,

చుక్క ఈనింది. ఆడదూడ. కాళ్ళు ముందుగా రాక ఇబ్బంది పడింది, బయమ్మక్క చేయి పెట్టి సర్దితే బయటపడింది. తల్లీబిడ్డా బాగున్నారు. నుదుటి మీద తల్లికున్నట్టే తెల్లమచ్చ. జున్నుపాలు ఊళ్ళో అందరిళ్ళకూ పంచాను. మీ వాటా లేదు. ఇక్కడ లేనివాళ్ళకు వాటా ఉండదు.

దివాకర్ సారు వచ్చి పెయ్య తోక వెంట్రుకలు తీసుకుపోయాడు. బుడ్డోడి తోడబుట్టినదని ఆయన ఆత్రం.

ఇక మీ ఉత్తరం. మరిచిపో అని రాశారు. జూలై నుంచి దాచిన సంగతి అక్టోబర్‌లో చెప్పి, వెంటనే మరిచిపొమ్మంటే మరిచిపోవడానికి నేను సిగ్నల్ లేని ఫోనును కాను. అరణం, పలుపుతాడు, మీ నాయన చెప్పిన మాట, అన్నీ సరే. ఆవును అమ్మమని మీరు అడగకూడదు, నిజమే. నన్ను రమ్మని అడగకూడదని ఎవరు చెప్పారు? రెండూ ఒకటి కాదు. వస్తానో రానో నేను చూసుకునేదాన్ని. మీ నోటి నుంచి ఆ ఒక్క మాట కోసం జూన్ నుంచి కాచుకుని ఉన్నాను. పెద్దమనిషి తరహాగా మీరు నాకు ఆ మాట కూడా లేకుండా చేశారు.

చొక్కా గుండీ మీరే కుట్టుకోండి.

ఇంద్రాణి

చిక్కహళ్ళి,
డిసెంబర్ 15

ఇంద్రాణికి,

నీ కోపం చేరింది. న్యాయమైనదే. గుండీ కుట్టుకున్నాను, వంకరగా వచ్చింది.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. బుడ్డోడికి ముక్కుకు రింగు వేశారు. వేసేటప్పుడు నన్నే పట్టుకోమన్నారు, నా భుజం మీద తల పెట్టి ఊరుకున్నాడు. ఇప్పుడు వాణ్ణి మన వాకిట్లో కట్టేస్తే వాకిలి చాలదు. పెయ్యకు నట్టల మందు తాగించావా? పరీక్ష ఫలితం సంగతి ఇంకా ఏమీ తెలియలేదు. తెలిస్తే రాస్తాను. ఇంతకంటే ఏమీ తోచడం లేదు.

ఓబులేసు

నల్లగుట్టపల్లె,
జనవరి 8

బావకు,

నిన్న దివాకర్ సారు వచ్చాడు. కొట్టంలో పెయ్య పక్కన కూర్చుని, దాని గుర్తులు బుడ్డోడి గుర్తులకంటే మేలుగా వచ్చాయని చెప్పాడు. తను చూసిన జిల్లాల్లో ఇలాంటిది ఒకటో రెండో అన్నాడు. దీన్ని, దీని తల్లిని ఇక్కడే ఉంచి పెంచాలనీ, ఈనాక ప్రతి పూటా పాలు కొలిపించి రాసుకుంటారనీ, వాటికి చేయి అలవాటైన మనిషి నేను దగ్గర ఉంటే మంచిదనీ అన్నాడు. "మీ ఆయనకు ఈ సంగతి నెల కిందటే చెప్పానే, చెప్పలేదా?" అని అడిగాడు.

నెల కిందట అంటే, ఏమీ తెలియలేదని నువ్వు రాసిన ఉత్తరానికి ముందు.

కోపంతో రాయడం లేదు బావా. ఎందుకు దాచావో నాకు తెలుసు. తెలిస్తే నేను రానని భయపడ్డావు. ఆ భయంలో తప్పేమీ లేదు. ఆయన చెప్తుంటే నాకు ఎంత పొంగిందో చెప్పలేను. మా నాయన ఇచ్చిన చుక్క కడుపున పుట్టింది ఇది. ఈ ఎండల్లో, శెనక్కట్టె తిని, నా చేతుల్లో పెరిగింది. దీన్ని వదిలి ఎక్కడికీ పోను అని అప్పటికప్పుడు అనుకున్నాను. సారు వెళ్ళాక పెయ్యను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. లేచేసరికి ఆ మాట నా దగ్గర లేదు. నువ్వు ఉన్నావు.

వాటి గుర్తులు చదవడానికి అంతమంది ఉన్నారు. మనిద్దరినీ చూసుకోవడానికి ఎవరూ లేరు. నేనే చూసుకోవాలి.

ఇప్పుడు అన్నీ ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు అడుగు.

ఇంద్రాణి

చిక్కహళ్ళి,
జనవరి 16

ఇంద్రాణీ,

రా.

నువ్వు లేకుండా నాకు బాగాలేదు. జూన్ నుంచి ఒక్క రోజూ బాగాలేదు. చుక్కకు, పెయ్యకు ఏం చేస్తావో నువ్వే చూసుకో, నేను ఒక్క మాట అనను. కానీ నువ్వు నా దగ్గరికి రా.

ఓబులేసు

నల్లగుట్టపల్లె,
ఫిబ్రవరి 12

బావకు,

చుక్కను, పెయ్యను బయమ్మక్కకు పాలుకు ఇచ్చాను. అమ్మలేదు. పాలన్నీ ఆమెవి, ఇకపై పుట్టే దూడల్లో ఒకటి ఆమెకు, ఒకటి నాకు. ఊరి పెద్దల ముందు పలుపుతాడు ఆమె చేతిలో పెట్టాను. దివాకర్ సారు కొంచెం నసిగి, కొలతలు అక్కడే రాయిస్తానని ఒప్పుకున్నాడు. "బిడ్డలెక్క చూసుకుంటా తల్లీ, నువ్వు నిశ్చింతగా పో" అని బయమ్మక్క నా చేతులు పట్టుకుంది. ఆ రోజు నుంచి నీ నెల మొదలుపెట్టాను. కొట్టం కడిగి సున్నం కొట్టాను. పశువు వాసన తగిలిన బట్టలు ఉడకబెట్టాను.

చుక్కకు ఇవేవీ తెలియవు కదా. రోజూ మేతకు పోయి వచ్చేటప్పుడు బయమ్మక్క ఇల్లు దాటి నేరుగా మన వాకిట్లోకి వస్తుంది. తలుపుకు తల ఆనించి అరుస్తుంది. బయమ్మక్క వచ్చి తోలుకుపోయేదాకా కదలదు. నేను లోపల గొళ్ళెం పెట్టుకుని కూర్చుంటాను. దాన్ని ముడితే నెల మళ్ళీ మొదటికి వస్తుంది. చెవులు మూసుకుంటాను. పొదుగు నిండి ఉందని అరుపును బట్టే నాకు తెలుస్తుంది. పితికే వేళకు నా వేళ్ళు వాటంతట అవే ముడుచుకుంటున్నాయి.

ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను. నిన్న బయమ్మక్క తనకల్లు సంతకు పోయి రావడం ఆలస్యమైంది. చుక్క అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పొదుగు నుంచి పాలు వాటంతట అవే కారిపోతున్నాయి. తలుపు తీశాను బావా. మెడ పట్టుకుని ఏడ్చాను. కూర్చుని పితికాను. అంతసేపూ అది నా వీపు నాకుతూనే ఉంది.

ఎవరూ చూడలేదు. నీకు రాయకుండా ఉంటే, ఫోన్‌లో చెప్పినట్టే వచ్చే శుక్రవారం నీ దగ్గర ఉండేదాన్ని. కానీ లోపల అన్ని ఆంబోతులు ఉన్నాయి, మన బుడ్డోడు ఉన్నాడు. నా చీర కొంగున ఏం అంటుకుని వస్తుందో నాకు తెలియదు. కాబట్టి ఇవాళ్టి నుంచి నెల మళ్ళీ మొదలు. నన్ను తిట్టు.

ఇంద్రాణి

చిక్కహళ్ళి,
ఫిబ్రవరి 19

ఇంద్రాణికి,

శుక్రవారం నాటికి ఇల్లు ఊడ్చి, పొయ్యి తెచ్చి పెట్టుకున్నాను. నీ ఉత్తరం చదివి ఆ పొయ్యి ముందు కూర్చుండిపోయాను. దుఃఖం వచ్చిన మాట నిజం. కోపం మాత్రం రాలేదు.

నువ్వు రాయకుండా వచ్చి ఉంటే నాకు తెలిసేది కాదు. రాశావు. నిన్ను చేసుకోవడం నా అదృష్టం, ఇది పెళ్ళయిన నాటి నుంచి చెప్పాలనుకుంటున్న మాట.

మళ్ళీ అరిస్తే, ఓర్వలేకపోతే, మళ్ళీ తలుపు తీయి. ఇంకో నెల కాచుకుంటాను. ఎన్నిసార్లయినా కాచుకుంటాను. నన్ను తలుచుకుని దాన్ని ఏడిపించకు.

నీ ఓబులేసు

నల్లగుట్టపల్లె,
మార్చి 13

బావకు,

ఈ ఉత్తరం దివాకర్ సారు చేతికి ఇస్తున్నాను, నాకంటే ఒక పూట ముందు చేరుతుందేమో. అయినా రాస్తున్నాను. నీ ఎదుట పడితే మళ్ళీ వానల గురించే మాట్లాడతానని భయం.

నెల నిండింది. తలుపు తీయలేదు. నువ్వు తీయమని రాశాక ఓర్చుకోవడం ఇంకా కష్టమైంది, కానీ తీయలేదు. బయమ్మక్క కూడా ఉపాయం చేసింది. సాయంత్రం పెయ్యను తెచ్చి తన వాకిట్లో, దారికి కనబడేలా కట్టేయడం మొదలుపెట్టింది. చుక్క మొదట్లో అక్కడ ఆగి, పెయ్యను నాకి, మళ్ళీ మన ఇంటికి వచ్చేది. తర్వాత ఒక రోజు వస్తే ఒక రోజు వచ్చేది కాదు.

నిన్న మన వాకిట్లోకి రాలేదు. ఇక పోయే రోజు వచ్చింది కదా, దూరం నుంచి ఒక్కసారి చూసుకుందామని తలుపు తీసి గడప లోపల నిలబడ్డాను. మందతోపాటు వచ్చింది. మన ఇంటిదాకా రాకుండానే ఆగి, తల తిప్పి నన్ను చూసింది. పిలవకుండా గుమ్మం పట్టుకుని ఆపుకున్నాను. అది కూడా అరవలేదు. బయమ్మక్క వాకిట్లోకి పోయి, తన గుంజ దగ్గర తనే నిలబడింది. పాలు పితుకుతున్న చప్పుడు మన ఇంటి దాకా వినబడింది. ఆమె చేయి నా చేతికంటే కొంచెం నిదానం. చుక్క ఆ చేతికి కూడా చేపి పాలిచ్చింది.

ఇదే కావాలని నెల రోజులు మొక్కుకున్నాను. జరిగాక గడప మీద కూలబడి ఏడ్చాను.

రేపు పొద్దున బస్సుకు వస్తున్నాను. నువ్వు సున్నపు గీత దాటి గేటు బయటికి వచ్చి నిలబడు. నారాయణప్ప చూస్తున్నా సరే, ఎవరు చూస్తున్నా సరే, బస్సు దిగగానే నా రెండు చేతులూ పట్టుకో. అవి ఖాళీగా ఉన్నాయి బావా.

నీ ఇంద్రాణి